హాలీ సిక్కా నుంచి ఇరవై రూపాయల బిళ్ళ దాకా: ఇంటిల్లిపాదీ పుట్టిన ఏళ్ళ నాణేలు కూర్చిన తీరు

ఇంట్లో పన్నెండు మందిమి. అందరికంటే పెద్ద తాత, అందరికంటే చిన్నది 2022లో పుట్టిన పాప. ఒక్కొక్కరికి వాళ్ళు పుట్టిన ఏడు వేసి ఉన్న నాణెం ఒక్కటి, పన్నెండూ ఒకే ఫ్రేములో, నల్లగొండలో తాత ఇంటి నడిమింటి గోడకు. అనుకున్నది ఇంతే. రెండు నెలల పని అనుకుంటే ఏడాది దాటింది. నాణేలు దొరక్క అంత కాలం పట్టలేదు. ఎవరు ఏ ఏట పుట్టారో తేలేసరికే సగం రోజులు పోయాయి.

ఆధార్ కార్డు చూసి మొదలుపెడితే పని చెడుతుంది. పెద్దవాళ్ళలో చాలామందికి అందులో జనవరి 1 అనో జులై 1 అనో ఉంటుంది. వయసు నోటితో చెప్పించుకుని ఏడు లెక్కగట్టి వేసిన తేదీలవి. బడి సర్టిఫికెట్టుదీ అదే కథ. బడిలో చేర్చుకోవడానికి వయసు చాలకపోతే ఏడాదో రెండేళ్ళో కలిపి రాయించేవారు, ఉద్యోగం ఎక్కువ కాలం ఉండాలని తగ్గించి రాయించినవాళ్ళూ ఉన్నారు. అందుకని కాగితం ఒక పక్క, ఇంట్లో చెప్పే గుర్తు ఇంకో పక్క రాసుకుని రెండూ పోల్చాలి. మన జిల్లాల్లో పనికొచ్చే గుర్తులు మూడు: పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబరు 13 నుంచి 17), నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసిన రోజు (1955 డిసెంబరు 10), సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన రోజు (1967 ఆగస్టు 4). "నువ్వు ఎప్పుడు పుట్టినవ్" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "సాగర్ నీళ్ళొచ్చినప్పుడు నువ్వు చంకల ఉన్నవా, నడుస్తున్నవా" అని అడిగితే ఠక్కున చెప్తారు. తర్వాత నెల కోసం పండుగ అడగాలి: బతుకమ్మకు ముందా, పీర్ల పండుగ తర్వాతనా అని. పీర్ల పండుగ మాత్రం నమ్మకూడని గుర్తు. అది చంద్రుణ్ని బట్టి నడిచే హిజ్రీ లెక్క కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఋతువులన్నీ తిరుగుతుంది.

తాత బడి కాగితం ఉర్దూలో ఉంది. అందులో ఏడు 1347, నెల ఇస్ఫందార్. నిజాం సర్కారు నాణేల మీద కూడా 1340ల, 1350ల అంకెలే ఉంటాయి కదా అని 1347 వేసిన నాణెం కోసం తిరిగాం. ఇదే పెద్ద తప్పు. ఆ కాగితం మీది ఏడు ఫస్లీ, నాణెం మీది ఏడు హిజ్రీ. నిజాం దఫ్తర్లలో, పహాణీల్లో, బళ్ళలో నడిచింది ఫస్లీ. అది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆజూర్, దై నెలలైతే ఫస్లీకి 590 కలపాలి. నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి ఆఖరి నెల ఆబాన్ దాకా అయితే 591. మధ్యలో ఉన్న మూడో నెల బహ్మన్ డిసెంబరులో మొదలై జనవరిలో ముగుస్తుంది కనుక తేదీ చూసుకోవాలి. అంటే 1347 ఫస్లీ ఇస్ఫందార్ 1938 జనవరి. హిజ్రీ 1347 అయితే 1928 జూన్‌లో మొదలవుతుంది. ఆ నాణెం కొని పెట్టి ఉంటే తాతకు ఒక్కసారిగా తొమ్మిదేళ్ళు మీద పడేవి.

హిజ్రీని ఇంగ్లీషు ఏడులోకి మార్చడానికి సులువు దారి: హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలపాలి. హిజ్రీ 1356 అయితే 1937 చిల్లర, 1362 అయితే 1943, 1367 అయితే 1948. ఇది ఏడాది దాకా సరిపోతుంది కానీ అంచుల్లో తప్పుతుంది. హిజ్రీ ఏడు 354 లేదా 355 రోజులే కాబట్టి ఎప్పుడు మొదలైందో పట్టిక చూడక తప్పదు. 1356 హిజ్రీ 1937 మార్చిలో మొదలై 1938 మార్చి మొదట్లో అయిపోయింది. కాబట్టి 1938 జనవరిలో పుట్టిన తాతకు రావలసింది 1356 నాణెం. 1357 అని ఉన్నది చూసి "ఇది 1938ది" అని అమ్మేవాడు అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ అది తాతది కాదు.

ఇక ఆ అంకెలు చదవడం. ఉర్దూ రాకపోయినా ఒక గంటలో వస్తుంది. ఒకటి నిలువు గీత. రెండుకు పైన ఒక పన్ను, మూడుకు రెండు పళ్ళు. ఐదు తలకిందులైన తమలపాకులా ఉంటుంది. ఆరు అద్దంలో చూసిన మన 7 అంకె. ఏడు గరాటులా పైకి విచ్చుకుని ఉంటుంది, ఎనిమిది ఆ గరాటును బోర్లించినట్టు ఉంటుంది. సున్న ఒక చుక్క మాత్రమే, అరిగిన నాణెం మీద ఇది మొదట మాయమవుతుంది. ఏడు, ఎనిమిది దగ్గరే అందరూ తప్పుతారు, నాణేన్ని తలకిందులుగా పట్టుకుంటే ఒకటి ఇంకోటి అవుతుంది. చార్మినార్ ఉన్న నాణెమైతే మీనార్లు పైకి ఉండేలా పట్టుకున్నాకే చదవాలి. ఇంకో చిక్కు: ఒకే నాణెం మీద రెండు మూడు సంఖ్యలు కనపడతాయి. నాలుగంకెలది హిజ్రీ. రెండంకెలది నిజాం గద్దెనెక్కిన ఏటి నుంచి లెక్క. 92 అని కనపడితే అది ఏడే కాదు, మహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువ కూడితే వచ్చే సంఖ్య. దాన్ని చూసి "1892ది" అని చెప్పేవాళ్ళు పాత సామాను అంగళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.

తాతకు దొరికింది నికెల్ కలిసిన చదరపు అణా, మూలలు గుండ్రంగా తీసి ఉంటాయి. తర్వాత యుద్ధం రోజుల్లో అదే చదరపు అణా కంచులో వచ్చింది. ఆ కాలందే నడిమిట్ల బొక్క ఉన్న రెండు పైల బిళ్ళ కూడా, పెద్దవాళ్ళు దుగ్గాని అనేది. ఈ రెండూ మన పల్లెల్లో ఇంకా దొరుకుతాయి. దేవుని గూట్లో, పాత సందూకుల్లో, పసుపు డబ్బాల్లో ఉంటాయి. హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు డబ్బు, 1959 దాకా చెల్లింది. అప్పుడు మార్చుకోకుండా మిగిలిపోయిన చిల్లర ఇది.

నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి అసలు విషయం తెలిసింది. ఆమె పుట్టింది 1948లో, పోలీస్ యాక్షన్ అయిన నెలలోనే. ఢిల్లీ సర్కారు నాణేల్లో 1948 అని గానీ 1949 అని గానీ ఉన్న చలామణీ నాణెం లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆరో జార్జి బొమ్మతో 1947 వేసినవే నడిచాయి. మన సొంత నాణేలు 1950 ఆగస్టు 15న గానీ రాలేదు. కోస్తాలో 1948లో పుట్టినవాళ్ళ ఇంట్లో ఇలాంటి ఫ్రేము కడితే ఆ గడి దగ్గర చిక్కుపడతారు. మనకు ఆ ఇబ్బంది లేదు. హైదరాబాద్ టంకశాల అప్పటికీ నిజాం పేరుతోనే నాణేలు పోస్తోంది. హిజ్రీ 1367 అంటే 1947 నవంబరు 15 నుంచి 1948 నవంబరు మొదటి రోజుల దాకా. పోలీస్ యాక్షన్ ఆ ఏట్లోనే ఉంది. 1949లో అక్టోబరు మూడో వారం దాకా పుట్టినవాళ్ళకు 1368 వస్తుంది, అది 1948 నవంబరు 3న మొదలైంది. నాయనమ్మకు 1367 కంచు అణా పెట్టాం. పన్నెండింట్లో ఇదే వెతకడానికి ఎక్కువ కాలం పట్టింది, చివరి అంకె స్పష్టంగా ఉన్నవి తక్కువ కాబట్టి.

1948 కావాలనగానే అంగట్లో చేతిలో పెట్టేది గాంధీ బొమ్మ ఉన్న బిళ్ళ. ఇరవై పైసలు, యాభై పైసలు, రూపాయి, వెండి పది రూపాయలు, నాలుగింటి మీదా 1869-1948 అని ఉంటుంది. అవి గాంధీ శతజయంతికి, 1969-70లో పోసినవి. పోసిన ఏడు వాటి మీద లేదు. గాంధీ మరణించిన ఏడును పుట్టినరోజు కానుకగా ఇచ్చినట్టవుతుంది. నెహ్రూ బొమ్మ రూపాయి మీద 1889-1964 అని ఉంటుంది, అది నిజంగానే 1964లో వచ్చింది గనుక ఏడు సరిపోతుంది, కానీ అర్థం అదే. ఇందిర బొమ్మ మీద 1917-1984 ఉన్నా వచ్చింది 1985లో. మనిషి బొమ్మ ఉన్న స్మారక నాణేన్ని పుట్టిన ఏటికి పెట్టేటప్పుడు ఆ అంకె ఎవరిదో ఒకసారి చూసుకోవాలి.

మిగిలినవి త్వరగానే అయ్యాయి. అమ్మమ్మది 1952. ఆ ఏటికి దొరికింది గుర్రం బొమ్మ కంచు పైసా, 21 మిల్లీమీటర్లు. నాయినది 1967, ఆరు మూలల అల్యూమినియం మూడు పైసలు. మేనత్తది 1969, తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసలు. చిన్నపిల్లలు బంగారం అనుకుని దాచుకున్నది ఇదే. అమ్మకు 1970, అదే ఇరవై పైసలు, కానీ ఆహారం అందరికీ అనే మాటతో వచ్చిన రకం. చిన్నాయినది 1974, కుటుంబ నియంత్రణ మీద వచ్చిన అల్యూమినియం పది పైసలు. మనుషులు ఇంతమంది ఉన్న ఇంటి ఫ్రేములో ఆ నాణెం చూసి ఎవరూ నవ్వకుండా ఉండరు. అన్నకు 1990 అంబేడ్కర్ రూపాయి. నాకు 1992, పదకొండు మూలల రెండు రూపాయలు, దేశపటం ఉన్నది. మా ఆవిడకు 1994, అంతర్జాతీయ కుటుంబ సంవత్సరం రూపాయి, ఈ పనికే పోసినట్టుంటుంది. బాబుకు 2019 రూపాయి. పాపకు 2022 ఇరవై రూపాయలు, స్వాతంత్ర్యం 75 ఏళ్ళ గుర్తు ఉన్నది.

ఒకే ఏటికి నాలుగైదు రకాలు ఉన్నప్పుడు హైదరాబాద్‌లో పోసినదాన్నే ఏరుకున్నాం. ఏడు కింద చూడాలి. ఐదు కొసల నక్షత్రం ఉంటే హైదరాబాద్. వజ్రం ఆకారం ఉంటే ముంబై. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా. నక్షత్రం 1960ల చివరి నుంచి వస్తుంది, అంతకు ముందు హైదరాబాద్ గుర్తు కూడా వజ్రంలాగే ఉండి దానిలో చీలికో చుక్కో ఉండేది. కాబట్టి భూతద్దం లేకుండా 1967 నాణేన్ని ముంబైది, హైదరాబాద్‌ది అని విడదీయలేం. పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం చాలు. సైఫాబాద్‌లోని పాత టంకశాలను 2022లో మ్యూజియంగా తెరిచారు. కొనడానికి ముందు అక్కడ నిజాం నాణేలు ఒకసారి చూసి వస్తే కన్ను అలవాటు పడుతుంది.

కొనడం గురించి. ముందు చుట్టాల ఇళ్ళు, తర్వాత ఊళ్ళో పాత కిరాణా అంగళ్ళ గల్లాలు, ఆ తర్వాత సర్రాఫులు (వెండి బంగారం అంగళ్ళవాళ్ళు). చివరికి హైదరాబాద్: ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి అమ్ముతారు. కుప్పలో ఏరుకునే ఓపిక ఉంటే అల్యూమినియం చిల్లర అక్కడే చవక. నిజాం నాణెం మాత్రం కుప్పలో కొనకూడదు, ఏడు చదివి చూపించేవాడి దగ్గరే కొనాలి. ఆన్‌లైన్లో అయితే రెండు వైపుల ఫోటో అడగాలి, "ఇలాంటిదే పంపుతాం" అంటే వదిలేయాలి. వెండి రూపాయి పెట్టాలనుకునేవాళ్ళకు రెండు పరీక్షలు. కల్దార్, అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయి, సరిగ్గా తులం, 11.66 గ్రాములు. సర్రాఫు కాటా మీద పెడితే అరుగుదలకు కొద్దిగా తగ్గవచ్చు, పెరగకూడదు. రెండోది అయస్కాంతం, వెండికి అంటదు. అయితే 1947, 1950 రూపాయలు నికెల్‌వి, అవి అంటుతాయి. అంటింది కదా అని వాటిని దొంగవి అనుకోవద్దు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన కల్దార్ రూపాయిలో వెండి సగమే. అదే తూకంలో 1938దానిలో నూటికి 91 పాళ్ళ పైన. ధర అడిగేటప్పుడు ఇది గుర్తుండాలి. అంచున చిన్న మచ్చగా మాటు కనపడితే అది కాసులపేరులో గుచ్చడానికి కొండి వేసి తర్వాత ఊడదీసిన నాణెం. మాకు అలాంటిది ఒకటి అంటగట్టారు. ఫ్రేములో ఆ మచ్చను కిందికి తిప్పి దాచవచ్చు కానీ మంచిదానికి ఇచ్చే ధర ఇవ్వకూడదు.

భూమిలో దొరికాయని ఎవరైనా తెస్తే తాకకపోవడమే మేలు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో కుండ నిండా సీసం నాణేలు, 3,730, బయటపడ్డ సంగతి తెలిసిందే. అలాంటివి సర్కారుకు అప్పగించవలసినవి. ఇక పాత నాణేలకు లక్షలు ఇస్తామనే ఫోన్లు. రిజర్వు బ్యాంకు తన పేరు వాడి మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. వీళ్ళు కొనరు, ముందు ఫీజు కట్టమంటారు.

శుభ్రం చేయడం దగ్గర ఒక నాణెం పోగొట్టాం. 1952 గుర్రం పైసాను చింతపండుతో తోమారు. పది నిమిషాల్లో తళతళలాడింది, నెలకు గులాబీ రంగు తిరిగి మచ్చలు పడింది. కంచు మీద ఏళ్ళ తరబడి పట్టిన గోధుమ రంగు పొర లోహానికి చొక్కా లాంటిది, పులుపు దాన్ని ఒలిచేస్తుంది. నిమ్మకాయ, బూడిద, ఇత్తడి సామాను తోమే పొడి అన్నీ అంతే. అల్యూమినియం పైసలకు చాకలి సోడా, సున్నం తగిలితే తెల్లగా తిని గుంటలు పడతాయి. చేయదగ్గది ఇదొక్కటే: డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తటి నూలు గుడ్డ మీద బోర్లించి అద్ది ఆరనివ్వడం, రుద్దకూడదు. బ్యాటరీలో పోసే నీళ్ళు మెకానిక్ షాపులో దొరుకుతాయి, అవే ఇవి. నల్లగొండ బోరు నీళ్ళు వాడితే ఏమవుతుందో మన గిన్నెల అడుగున పేరుకునే తెల్లపొర చూస్తే తెలుస్తుంది. పసుపు, నూనె జిడ్డు ఉంటే మందుల షాపులో కాదు, కెమికల్ షాపులో దొరికే అసిటోన్‌లో రెండు నిమిషాలు ముంచాలి. గోళ్ళ రంగు తీసే ద్రవంలో వేరే నూనెలు కలుపుతారు, అది వద్దు. పొయ్యి దగ్గర అసిటోన్ తెరవకూడదు. ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది తుప్పు నడుస్తున్నట్టు, ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి.

మెత్తటి ప్లాస్టిక్ సంచులూ అంతే ప్రమాదం. నోటుపుస్తకం అట్టల వాసన వచ్చే ఆ ప్లాస్టిక్ ఎండాకాలంలో చెమటపట్టినట్టు జిగురు వదులుతుంది, నాణెం పచ్చబడుతుంది. నల్లగొండ ఎండల్లో రెండు నెలలకే ఈ సంగతి తేలింది. రబ్బరు బ్యాండు వెండిని నల్లబరుస్తుంది. గట్టి పారదర్శక డబ్బీలు కొనాలి. లోపల 46 మిల్లీమీటర్లు ఉన్న ఒకే సైజు డబ్బీలు తీసుకుని, నాణేనికి సరిపడా నురుగు రింగు వేసుకుంటే పన్నెండూ బయటికి ఒకేలా కనపడతాయి. గుండ్రటివాటికి కొలత తేలిక: పాత పైసా 21, 1994 ఉక్కు రూపాయి 25. పన్నెండు మూలలున్నా గుండ్రంగానే కనపడే ఇరవై రూపాయలు 27. చదరపు అణాకు, మూడు పైసలకు మూల నుంచి మూలకు కొలవాలి, భుజం కొలిస్తే రింగులో పట్టదు. మొదటిసారి అలాగే కొలిచి రెండు రింగులు దండగయ్యాయి.

ఫ్రేము లోతు కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి, ఫోటో ఫ్రేములో డబ్బీ పట్టదు. అట్టకు మూడు వరుసలు, వరుసకు నాలుగు రంధ్రాలు, డబ్బీ బయటి కొలతకు అర మిల్లీమీటరు ఎక్కువ. జిగురు ఎక్కడా వాడలేదు. డబ్బీని అట్ట పట్టుకుంటుంది, వెనక ఇంకో అట్ట ఆనుతుంది. కొత్త ప్లైవుడ్, వార్నిష్ వాసన పోయేదాకా నెల రోజులు ఎండనీడలో పెట్టి తర్వాతే మూయాలి. ఆ ఆవిరి లోపల చిక్కితే కంచు, సీసం మచ్చలు పడతాయి. తేమ లాగే గుళికల పొట్లం ఒకటి వెనక పెట్టాం. కింద చీటీల మీద బాల్‌పెన్నుతో రాయకూడదు, రెండేళ్ళలో వెలిసిపోతుంది. వంటింటి గోడ, వానకు తడిసే గోడ, పడమటి ఎండ పడే గోడ మూడూ పనికిరావు.

నాణేనికి చిల్లి పెట్టి దండగా గుచ్చుదామని ఇంట్లో ఒక సలహా వచ్చింది. 2011 నాణేల చట్టం ప్రకారం చలామణీలో ఉన్న నాణేన్ని కరిగించడం, పాడుచేయడం నేరం. పాత చారాణ, ఆఠాణకు ఆ చిక్కు ఉన్నా లేకున్నా, చిల్లి పడ్డాక ఏడు కనపడదు, ఈ పనికి అదే కావలసింది.

వెనక పలకను మేకులతో కొట్టలేదు, నాలుగు మరలతో బిగించాం. లోపల ఒక కాగితం మడిచి పెట్టాం: ఎవరి ఏడు దేని ఆధారంగా వేశామో, ఏది కాగితం, ఏది నోటిమాట, ఎవరు చెప్పారు. అమ్మమ్మ 1952 ఇంకా నోటిమాటే. ఆమె పుట్టింటి వైపు ఏదైనా ఫస్లీ కాగితం దొరికితే మరలు విప్పి మార్చాలి. అందుకని 1951, 1953 గుర్రం పైసాలు రెండు చిన్న డబ్బీల్లో ఆ కాగితం పక్కనే ఉన్నాయి.